బాబును బడికి సైకిల్ మీద పంపుదామనుకుంటున్నాం, బండిలో ఏమేం చూసుకోవాలి?

నాచారం నాన్న · జూన్ 1, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మా బాబుకు పదమూడేళ్ళు. ఈ ఏడు ఎనిమిదో తరగతి. జూన్ 12న బడి తెరుస్తారు. ఇన్నాళ్ళూ ఆటోలో వెళ్ళేవాడు. ఆ ఆటోలో పదకొండు మంది పిల్లలు, డ్రైవర్‌కు అటొకడు ఇటొకడు. ఈసారి సైకిల్ మీదే వెళ్తానని పట్టుబట్టాడు. ఇల్లు నాచారంలో, బడి హబ్సిగూడలో మెయిన్ రోడ్డుకు అవతల. మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ.

సైకిల్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. 26 అంగుళాల చక్రాలు, గేర్లు లేవు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు. సగం బిగించి పంపారు, మిగతా సగం వాడూ నేనూ వీడియో చూసి బిగించాం. బాగానే నడుస్తోంది. మా ఆవిడకు మాత్రం టెన్షన్. నాకు లేదని చెప్పను. రోడ్డెక్కే ముందు బండిలో ఏం చూసుకోవాలి? వాడికి ఏం నేర్పాలి? ఫోటో పెడుతున్నాను.

---

బంజారా గుట్ట · జూన్ 1, రాత్రి 9:31

హైదరాబాద్‌లో సైకిలా! అదీ చిన్నపిల్లాడికా! ధైర్యం మీది సార్. బస్ పాస్ తీసిచ్చేయండి, ప్రాణానికి హాయి.

---

పంచర్‌పెట్టె · జూన్ 1, రాత్రి 10:05

అన్నా, బాబును ఇప్పుడే ఆ సైకిల్ ఎక్కనివ్వకండి. ఫోటో పెద్దది చేసి చూశాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది.

ఎలా తెలిసిందంటే, సీటు మీద కూర్చున్నవాడికి డిస్క్ ఎడమచేతి వైపు ఉండాలి. మీ ఫోటోలో కుడివైపు ఉంది. బ్రేకు పట్టే ముక్క ఫోర్కు కాడకు వెనక ఉండాలి, మీది ముందుకొచ్చి కూర్చుంది. వైరు కూడా హ్యాండిల్ కింద ఒక చుట్టు తిరిగి ఉంటుంది చూడండి. డబ్బాలో వచ్చే సైకిళ్ళలో ఇది మామూలే. ఫోర్కు వెనక్కి తిప్పి ప్యాక్ చేస్తారు, మనం తిరిగిందని గమనించకుండా హ్యాండిల్ దాని మీద బిగించేస్తాం.

అలాగే తొక్కితే ముందు చక్రం పెడల్‌కు దగ్గరవుతుంది. మలుపులో బూటు టైరుకు తగులుతుంది. ఎప్పుడైనా తగిలిందా అని అడగండి.

---

నాచారం నాన్న · జూన్ 1, రాత్రి 10:20

అన్నా, నాకు చెమటలు పట్టాయి. నిన్న సాయంత్రం గల్లీలో తిరగేస్తుంటే బూటు టైరుకు గీసుకుందని చెప్పాడు. బూట్లు పెద్దవి, ఎదిగే పిల్లాడు కదా అని ఒక సైజు ఎక్కువ కొన్నాం, అందుకే అనుకున్నాను. ఇప్పుడే కిందికి వెళ్ళి చూసొచ్చాను. మీరన్నట్టే వైరు చుట్టుకుని ఉంది.

---

పంచర్‌పెట్టె · జూన్ 1, రాత్రి 10:48

పరవాలేదు, పది నిమిషాల పని. హ్యాండిల్‌ను పట్టుకునే ముక్కకు పక్కన బోల్టులు ఉంటాయి, వాటిని ఎలన్ కీతో (ఆరు పలకల చిన్న పానా) వదులు చేయండి. పైన నడిమి బోల్టును ముట్టకండి. ఫోర్కును సగం చుట్టు తిప్పి, వైరు చుట్టు విడిపించి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి హ్యాండిల్‌ను నేరుగా నిలపండి. తర్వాత బోల్టులు గట్టిగా బిగించండి. చక్రం మోకాళ్ళ మధ్యే ఉంచి హ్యాండిల్‌ను మెలిపెట్టి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బిగువు చాలనట్టే.

ఇంకొకటి. సగం మీరే బిగించామన్నారు, పెడల్స్ కూడా మీరే బిగించి ఉంటారు. ఎడమ పెడల్ ఉల్టా బిగుస్తుంది. దాని మీద ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఉంటుంది, కుడి దాని మీద ఆర్ ఉంటుంది. అటూ ఇటూ మార్చి పానాతో బలవంతంగా ఎక్కించి ఉంటే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మరలు తెగిపోతాయి. అలాంటి పెడల్ ఓ రోజు ఎక్కుడులో లేచి తొక్కుతుంటే ఊడి చేతికొస్తుంది. తొక్కేవాడు నేరుగా రాడ్డు మీద పడతాడు. అది కూడా చూడండి.

---

నాచారం నాన్న · జూన్ 2, ఉదయం 7:15

ఫోర్కు సరిచేశాం. పెడల్స్ సరిగానే ఉన్నాయి. బాబు "వీడియోలో ఇది చెప్పలేదు నాన్నా" అంటున్నాడు. మీరెవరో గానీ చెయ్యెత్తి దండం. ఇక రోజూ చూసుకోవాల్సినవి కూడా చెప్పండి.

---

పంచర్‌పెట్టె · జూన్ 2, మధ్యాహ్నం 1:30

మాది నల్గొండ దగ్గర. మా నాన్న సైకిల్ ట్యాక్సీ నడిపేవాడు. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, సైకిల్ ట్యాక్సీ అంటే గంటకు ఇంత అని సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు. పద్దెనిమిది సైకిళ్ళుండేవి, మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబర్లు. బండి బయటికి పోయే ముందూ, తిరిగొచ్చినప్పుడూ నాన్న ఒకే పని చేసేవాడు. హ్యాండిల్ పట్టి ముందు చక్రాన్ని జానెడు ఎత్తి వదిలేసేవాడు. తర్వాత సీటు పట్టి వెనక చక్రం. ఆ చప్పుడు విని రోగం చెప్పేవాడు. గలగలమంటే మడ్‌గార్డు నట్టు, చైను కవరు. ఠంగుమంటే బెల్లు. లోపలి నుంచి టక్ మని ఒక్కటే బరువైన చప్పుడు వస్తే మాత్రం బండి పక్కన పెట్టేసేవాడు. అది హ్యాండిల్ మెడలోని గోలీలో, చక్రం ఇరుసు మీది కోనో వదులైన చప్పుడు. పైపై చప్పుళ్ళతో ఊరంతా తిరిగి రావచ్చు గానీ ఆ టక్‌తో కాదు.

మీ బాబుకు ఇదే నేర్పండి. బండి ఎత్తి వదిలితే ఎలా మోగుతుందో ఇప్పుడు అన్నీ సరిగా ఉన్నప్పుడే విని గుర్తుపెట్టుకోమనండి. రేపు చప్పుడు మారితే వాడికే తెలుస్తుంది.

తర్వాత ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపాలి. హ్యాండిల్ మెడ దగ్గర వేలు పెడితే కదలిక తెలుస్తుంది. చక్రాన్ని పక్కలకు ఊపితే ఆడకూడదు. ఎత్తి తిప్పితే రిమ్ము అటూ ఇటూ ఊగకూడదు, ఊగితే బెండు తీయించాలి. చక్రం పుల్లలను రెండేసి కలిపి నొక్కుతూ పోతే వదులైంది చేతికి తెలిసిపోతుంది. యాక్సిల్ నట్లు 15 నంబరు పానాతో ఒకసారి తాకి చూడండి. ఇవి వారానికోసారి చాలు.

రోజూ చూడాల్సింది మూడే: గాలి, బ్రేకు, చైను. బూట్లు లేసులు కట్టుకునేంత సేపు పట్టదు.

---

గండిపేట గాలి · జూన్ 2, మధ్యాహ్నం 2:10

పంచర్‌పెట్టె అన్న చెప్పింది బంగారం. గాలి గురించి నేను కొంచెం కలుపుతాను.

బొటనవేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనడం చాలామందికి అలవాటు. టైరు పక్క గోడ మీద ఎంత గాలి కొట్టాలో గాలి ఒత్తిడి కొలత అయిన పీఎస్‌ఐలలో రాసి ఉంటుంది. 26 అంగుళాల లావు టైరుకు మామూలుగా 40 నుంచి 65 మధ్య ఉంటుంది. పిల్లాడు తేలిక కాబట్టి కింది అంకెకు దగ్గరగా ఉంచండి. గాలి తగ్గితే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు పంచర్లు పడతాయి. మరీ ఎక్కువైతే తడిలో జారుతుంది, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగురుతుంది. మీ సైకిల్‌కు కారు టైపు వాల్వు ఉంటే పెట్రోల్ బంకులో కొట్టించవచ్చు గానీ, అక్కడి గాలి ఒక్కసారిగా దూసుకొస్తుంది. కారు లెక్కన కొడితే ట్యూబు పేలుతుంది. గేజీ ఉన్న చేతి పంపు ఒకటి కొనిపెట్టుకోండి.

చైనుకు సైకిల్ చైన్ ఆయిలే, కొద్దిగా. మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఆయిల్ వేశామనుకోకండి, అది రెండు రోజుల్లో ఆరిపోతుంది. వెనక డిస్క్ మీద ఆ స్ప్రే తుంపర పడిందంటే ఇక బ్రేకు అరుస్తుంది, పట్టదు. డిస్క్‌ను చేత్తో ముట్టుకోకూడదు, వేళ్ళ జిడ్డు చాలు పాడుచేయడానికి. దిగగానే ముడితే కాలుతుంది కూడా.

కొత్త డిస్క్ బ్రేకులు మొదటి రోజు సగమే పడతాయి. ఖాళీ చోట కొంచెం వేగంగా వెళ్ళి, పూర్తిగా ఆగకుండా మెల్లగా వేగం తగ్గిస్తూ ముందూ వెనకా ఇరవై ఇరవై సార్లు పట్టాలి. అప్పుడు ప్యాడ్లు కుదురుకుంటాయి. మీటను పూర్తిగా లాగినా హ్యాండిల్‌కు తగలకూడదు, వేలు పట్టేంత సందు ఉండాలి.

ప్రాక్టీసుకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్‌లో తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, తెరిచినప్పుడు కలిపి 23 కిలోమీటర్లు. కార్ల భయం లేదు, ఎండ లేదు, వాన లేదు.

---

బంజారా గుట్ట · జూన్ 2, మధ్యాహ్నం 2:25

నాచారం నుంచి నానక్‌రామ్‌గూడకు సైకిల్ ఎలా వెళ్తుంది? కారులో వేసుకుని. అంటే సైకిల్ తొక్కడానికి కారు కొనాలి 🙂

---

గండిపేట గాలి · జూన్ 2, మధ్యాహ్నం 2:27

అది నిజమే బ్రదర్, ఒప్పుకుంటాను. నేనూ అలాగే వెళ్తాను.

---

పాత అట్లాస్ · జూన్ 2, సాయంత్రం 6:40

అరవై ఏళ్ళుగా సైకిల్ తొక్కుతున్నవాణ్ణి, ఒక్క మాట. పిల్లాడికి ముందు బ్రేకు ముట్టుకోవద్దని చెప్పండి. ముందు బ్రేకు పడితే పల్టీ కొట్టడం ఖాయం. మా కాలంలో ముందు బ్రేకు పీకేసి తొక్కేవాళ్ళం.

---

గండిపేట గాలి · జూన్ 2, రాత్రి 8:02

బాబాయ్, మీ అనుభవం మీద గౌరవంతోనే కాదంటున్నాను. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు వస్తుంది. వెనక చక్రం తేలికై జారుతుంది. సైకిల్‌ను నిజంగా ఆపేది ముందు బ్రేకే. ఒక్క వెనక బ్రేకుతో ఆగాలంటే ఇంచుమించు రెట్టింపు దూరం కావాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సైకిల్ ఒక్క సెకనులో ఐదున్నర మీటర్లు పోతుంది. ఆటో అడ్డం రావడం చూసి చెయ్యి మీటకు బిగిసే లోపే ఆ సెకను అయిపోతుంది. ఆ మీద బ్రేకు కూడా సగమే అయితే?

పల్టీ కొట్టేది ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజినప్పుడు, చేతులు సడలించి కూర్చున్నప్పుడు. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ, నడుము వెనక్కి జరిపి పట్టాలి. ఇసుక మీదా, మలుపు మధ్యలోనూ మాత్రం ముందుది వదిలేయాలి. ఆ వరకు మీ మాట రైటే.

---

పాత అట్లాస్ · జూన్ 2, రాత్రి 8:30

మా బండ్లకు రాడ్ బ్రేకులు నాయనా. పట్టినా ఆగేవి కావు, అందుకే పీకేశామేమో. సరే, ఇసుక మీద వద్దన్నావు కదా, అది చాలు నాకు.

---

తార్నాక టీచర్ · జూన్ 3, ఉదయం 6:05

బ్రేకు సంగతిలో ఒకటి కలుపుతాను. ఏ మీట ఏ చక్రానిదో ముందే చూసుకోండి. స్కూటీ లాగే కుడి చెయ్యి ముందుది అనుకుంటాం, చాలా సైకిళ్ళకు అంతే, కానీ కొన్నిటికి ఉల్టా బిగించి వస్తుంది. చక్రం ఎత్తి తిప్పి మీట పట్టి చూస్తే తెలిసిపోతుంది.

నేను ఏడేళ్ళుగా ఉస్మానియా క్యాంపస్ మీదుగా బడికి సైకిల్ మీదే వెళ్తున్నాను. మా బడి పిల్లల సైకిళ్ళలో నేను చూసే పెద్ద తప్పు బ్రేకూ కాదు, టైరూ కాదు. హ్యాండిల్‌కు తగిలించిన లంచ్ బ్యాగు. అది ఊగి ఊగి ముందు చక్రంలోకి పోతే చక్రం ఉన్నచోటే నిలిచిపోతుంది, పిల్లాడు ఎగిరి అవతల పడతాడు. ఒకసారి నా కళ్ళ ముందే జరిగింది. రెండు పళ్ళు పోయాయి. క్యారియర్ పెట్టించి రబ్బరు పట్టీతో కట్టించండి, లేదా అన్నీ వీపు సంచిలోనే. సంచి వేలాడే పట్టీలు కూడా లోపలికి దోపాలి. ఆడపిల్లలకు చున్నీ వెనక ముడి. ప్యాంటు కుడికాలికి క్లిప్పు, క్లిప్పు లేకపోతే సాక్సులోకి దోపేయడమే.

---

డబుల్ బెల్ · జూన్ 3, రాత్రి 9:50

నేను సిటీ బస్సు డ్రైవర్‌ని. రిటైరై మూడేళ్ళు. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ రూట్లలోనే ఎక్కువ నడిపాను. సైకిల్ మీద నుంచి ఎలా కనిపిస్తుందో మీరంతా చెబుతున్నారు. స్టీరింగ్ దగ్గర నుంచి ఎలా కనిపిస్తుందో నేను చెబుతాను.

బస్సుకు ఎడమవైపు, ముందు మెట్ల దగ్గర నుంచి వెనక చక్రం దాకా, డ్రైవర్‌కు సగం గుడ్డితనమే. మేం కూర్చునేది కుడి మూల. ఎడమ అద్దంలో ఒక పట్టీ కనిపిస్తుంది, అంతే. స్టాపులో బస్సు ఆగితే సైకిల్ పిల్లలు ఏం చేస్తారంటే, బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులో దూరతారు. అక్కడే జనం దిగుతారు. దిగేవాడు సైకిల్‌ను చూడడు. కండక్టర్ రెండు బెల్లులు కొట్టగానే మేం కదులుతాం, మా కళ్ళు కుడి అద్దంలో, వెనక వచ్చే బండ్ల మీద ఉంటాయి. ఎడమ సందులో పిల్లాడున్నాడని మాకు కలలో కూడా తెలియదు.

బస్సు గానీ లారీ గానీ ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు. లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం దాటిపోయింది, ఇక పరవాలేదు అనుకున్నవాడు వెనక చక్రం కిందికి వస్తాడు. మీ బాబుకు ఈ ఒక్కటీ బాగా చెప్పండి సార్: బస్సు ఎడమ పక్కకు పోవద్దు, వెనకే ఆగాలి. నా సర్వీసులో ఒకసారి అర సెకనులో తప్పింది. ఆ పిల్ల గులాబీ రంగు సంచి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

గుర్తు కూడా చెబుతాను. బస్సు అద్దంలో నీకు డ్రైవర్ ముఖం కనిపిస్తుందా? అయితే నువ్వు కనిపించే అవకాశం ఉంది. కనిపించలేదా, నువ్వు లేనట్టే.

---

నాచారం నాన్న · జూన్ 3, రాత్రి 10:15

డబుల్ బెల్ గారూ, ఇది బాబుతో చదివించాను. ఏం మాట్లాడలేదు, రెండుసార్లు చదివాడు.

ఇంకో డౌటు. మా బావమరిది రోడ్డు అంచున ఫుట్‌పాత్‌ను ఆనుకుని వెళ్ళమంటాడు. అది మంచిదా?

---

డబుల్ బెల్ · జూన్ 3, రాత్రి 10:32

ఎడమవైపే వెళ్ళాలి గానీ అంచును ఆనుకుని కాదు. అంచున ఏముంటుంది? గాజు పెంకులు, ఇసుక, మ్యాన్‌హోలు మూతలు, ఆగిన ఆటోలు. ఆటో వచ్చిందని బయటికి, దాటగానే లోపలికి, మళ్ళీ బయటికి. అలా పాములా వచ్చే సైకిల్ అంటేనే మాకు భయం. మీటరు లోపలికి, ఒకే గీతలో నేరుగా వచ్చేవాణ్ణి ఎంతసేపైనా చూసుకుంటూ దాటేస్తాం. హారన్ కొడతారు, కొట్టనివ్వండి. హారన్ కొట్టాడంటే చూశాడనే.

---

తార్నాక టీచర్ · జూన్ 4, ఉదయం 6:10

ఆ మీటరు ఇంకో పనికి కూడా వస్తుంది. ఆగిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. తలుపు వెడల్పు మేర దూరం వదిలి వెళ్ళాలి. లోపల తల కదిలిందా, ముందు చక్రం తిరిగి ఉందా, బ్రేకు లైటు ఇప్పుడే ఆరిందా చూస్తూ పోవాలి.

కార్లున్నవాళ్ళకు కూడా ఒక మాట. డ్రైవర్ తలుపును కుడిచేత్తో కాదు, ఎడమచేత్తో తెరవడం అలవాటు చేసుకోండి. ఒళ్ళు దానంతటదే తిరిగి వెనక వచ్చేవాడు కనిపిస్తాడు. మా వారికి నేర్పడానికి నెల పట్టింది.

---

కట్టు వార్డు · జూన్ 5, రాత్రి 11:20

నైట్ డ్యూటీలో చదువుతున్నాను. ఎముకల వార్డులో నర్సుని. సైకిల్ మీద నుంచి పడ్డవాళ్ళకు ఎక్కువగా విరిగేవి మణికట్టు, మెడ దగ్గరి కాలర్ ఎముక. చెయ్యి ఆనించి పడతాం కదా. అవి అతుక్కుంటాయి. తల సంగతి అలా కాదు. హెల్మెట్ గురించి ఎవరూ అనలేదేంటి?

---

బంజారా గుట్ట · జూన్ 5, రాత్రి 11:41

సైకిల్‌కు హెల్మెట్ రూల్ లేదుగా?

---

కట్టు వార్డు · జూన్ 6, ఉదయం 5:30

లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ మోటార్ సైకిల్ వాళ్ళకే. రూల్ లేదని తలకు తెలియదు కదా.

మోటార్ సైకిల్ హెల్మెట్ పిల్లాడికి పెట్టకండి. బరువు, ఉక్క, చెవులు మూసుకుపోయి వెనక బండి వినపడదు. సైకిల్ హెల్మెట్ వేరు. లోపల ఈఎన్ 1078 అని ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. అది యూరప్ ప్రమాణం, దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి పడేసి పరీక్షిస్తారు. కనుబొమల మీద రెండు వేళ్ళ సందు వదిలి నిటారుగా పెట్టాలి. టోపీలా వెనక్కి నెడితే నుదురు ఖాళీ. పట్టీలు చెవి కింద వి ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరేంత సందు. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగున్నా పారేయాలి. లోపలి తెల్ల థర్మాకోల్ లాంటిది ఒక్క దెబ్బకే నలిగి తన పని చేసేస్తుంది.

సంచి లోపల ఒక చీటీ మీద పేరు, మీ ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు రాసి పెట్టండి. 108 వాళ్ళు అదే వెతుకుతారు.

---

నాచారం నాన్న · జూన్ 8, మధ్యాహ్నం 12:40

ఇవాళ ఆదివారం పొద్దున ఆరింటికి ఇద్దరం దారి మొత్తం చూసొచ్చాం. వాడు సైకిల్ మీద, నేను వెనక స్కూటర్ మీద. మళ్ళీ నిన్న శనివారం బండ్ల రద్దీలో ఎలా ఉంటుందో నేనొక్కణ్ణే నడిచి చూశాను. రెండూ ఒకే రోడ్డంటే నమ్మలేం.

నాచారం వైపు పెద్ద ఇబ్బంది లేదు. ఒకచోట డ్రైనేజీ జాలీ ఉంది, దాని కమ్మీలు రోడ్డు వెంబడే నిలువుగా ఉన్నాయి. లావు టైరు కాబట్టి ఇరుక్కోదు గానీ వాడికి చూపించాను. అసలు తలనొప్పి మెయిన్ రోడ్డు దాటడం. మెట్రో పిల్లర్ల వల్ల అవతలి నుంచి ఏం వస్తోందో కనిపించదు. యూటర్న్ ఏమో చాలా ముందు. పిల్లలంతా యూటర్న్ దాకా వెళ్ళకుండా దాటేసి, బడి గల్లీ దాకా నూటయాభై మీటర్లు రాంగ్ రూట్‌లో అంచున వచ్చేస్తారట. "అందరూ అలాగే వస్తారు నాన్నా" అంటున్నాడు. నూటయాభై మీటర్లే కదా అని నాకూ అనిపించింది. మీరేమంటారు?

---

డబుల్ బెల్ · జూన్ 8, మధ్యాహ్నం 1:05

వద్దు సార్. ఆ నూటయాభై మీటర్లలో గల్లీలు ఎన్ని?

---

నాచారం నాన్న · జూన్ 8, మధ్యాహ్నం 1:10

మూడు.

---

డబుల్ బెల్ · జూన్ 8, మధ్యాహ్నం 1:22

గల్లీలో నుంచి మెయిన్ రోడ్డుకు వచ్చేవాడు ఎడమకు తిరగాలి. వాడు ఎటు చూస్తాడు? కుడివైపు, బండ్లు వచ్చే వైపు. ఖాళీ దొరకగానే కుడివైపే చూస్తూ ముందుకు కదిలేస్తాడు. మీ బాబు వచ్చేది వాడి ఎడమ నుంచి. అంటే మూడు గల్లీల్లో మూడుసార్లు, తనను చూడనివాడి ముందు నుంచి పోవాలి. రోజూ.

---

తార్నాక టీచర్ · జూన్ 8, మధ్యాహ్నం 2:00

సిగ్నల్ దగ్గర దిగిపొమ్మనండి. నడిచేవాళ్ళతో కలిసి సైకిల్ నడిపించుకుంటూ దాటి, ఆ నూటయాభై మీటర్లూ ఫుట్‌పాత్ మీద నెట్టుకుంటూ పోవాలి. రెండు నిమిషాలు. సైకిల్ దిగి నెడుతున్నవాడు నడిచేవాడే. నేనూ తార్నాక చౌరస్తాలో ఇప్పటికీ దిగే దాటుతాను. మొదట్లో నవ్వేవాళ్ళు.

పిల్లాడికి సిగ్గు ఉంటుంది, తోటివాళ్ళు చూస్తారని. అది మీరు మాట్లాడాలి, నావల్ల కాదు.

---

అడ్మిన్ · జూన్ 8, మధ్యాహ్నం 3:15

రాంగ్ రూట్ మీద పెట్టిన ఐదారు తిట్ల పోస్టులు తీసేశాం. జీహెచ్‌ఎంసీ మీదా ట్రాఫిక్ వాళ్ళ మీదా కోపానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి.

---

నాచారం నాన్న · జూన్ 14, రాత్రి 8:50

రెండు రోజులు వెళ్ళొచ్చాడు. మొదటి రోజు నేను వెనకే స్కూటర్ మీద వెళ్ళాను, వాడికి తెలియకుండా. వాడికి తెలిసిపోయింది. రెండో రోజు వద్దన్నాడు.

సిగ్నల్ దగ్గర దిగి నెట్టుకుంటూ వెళ్తున్నాడు. ఇంకో ఇద్దరు పిల్లలు వాడితో పాటు దిగారట. మిగతావాళ్ళు అలాగే రాంగ్‌లో వస్తున్నారు.

ట్యూషన్ ఏడున్నరకు అయిపోతుంది. చీకటి. సైకిల్‌కు ఎర్ర రిఫ్లెక్టర్ ఒకటుంది. సరిపోతుందా?

---

గండిపేట గాలి · జూన్ 14, రాత్రి 9:04

చాలదు. రిఫ్లెక్టర్ మెరవాలంటే వెనకవాడి హెడ్‌లైట్ దాని మీద పడాలి. ఆ హెడ్‌లైటే వెలగని బండ్లు మన ఊళ్ళో తక్కువా? వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, ఛార్జింగ్‌వి పెట్టండి. ముందుది నేల వైపు వంచాలి, ఎదుటివాడి కళ్ళలోకి కాదు. వెనకది సీటు రాడ్డుకు కడితే సంచి అడ్డం వస్తుందేమో చూసుకోండి. పెడల్స్ మీద రిఫ్లెక్టర్లు ఉంటే తీయకండి. పైకీ కిందికీ కదిలే వెలుగు చూడగానే సైకిల్ అని ఎవరికైనా అర్థమవుతుంది.

---

పాత అట్లాస్ · జూన్ 14, రాత్రి 9:20

మా రోజుల్లో డైనమో లైటు. అది లేకపోతే పోలీసు ఆపి గాలి తీసేవాడు. కొందరు కిరసనాయిలు దీపం పట్టుకుని తొక్కేవారు. నవ్వకండి.

---

నాచారం నాన్న · జూన్ 20, రాత్రి 9:30

నిన్న సాయంత్రం వానలో తడిసి ముద్దై వచ్చాడు. ఒకచోట జారాడట, పడలేదు. రోడ్డు మీద తెల్ల గీతల దగ్గర.

---

పంచర్‌పెట్టె · జూన్ 20, రాత్రి 10:00

తెల్ల గీతలు, ఇనుప మూతలు, మెట్రో పనులకూ పైపు పనులకూ వేసే ఇనుప రేకులు, తడిస్తే సబ్బు. వాటి మీద బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే వేగం తగ్గించి నిటారుగా దాటిపోవాలి. వాన మొదలైన మొదటి పది నిమిషాలు మరీ జాగ్రత్త, రోడ్డు మీది ఆయిలంతా పైకి తేలుతుంది.

నీళ్ళు నిలిచిన చోట మాత్రం ఒక్కటే మాట. అడుగు కనిపించకపోతే దిగిపోవాలి, వెనక్కి తిరగాలి. ఏ మ్యాన్‌హోలు మూత ఎక్కడ తీసి ఉందో దేవుడికెరుక. బడి పోయినా పరవాలేదు.

వానలో తడిసొచ్చిన రాత్రి చైను తుడిచి ఆయిల్ వేయమనండి. లేకపోతే పొద్దునకు ఎర్రగా తుప్పు.

---

నాచారం నాన్న · జూన్ 29, ఉదయం 10:15

మూడు వారాలు కావస్తోంది. రోజూ పొద్దున ఎత్తి వదిలి చప్పుడు వింటున్నాడు, మా కింది ఇంటివాళ్ళు ఏంటా చప్పుడని అడిగారు. మొన్న వినగానే "నాన్నా, మారింది" అన్నాడు. నాకేం తేడా తెలియలేదు. పానా పెట్టి చూస్తే వెనక చక్రం ఎడమ నట్టు పావు చుట్టు వదులైంది. పంచర్‌పెట్టె అన్నా, మీ నాన్నగారికి చెప్పండి.

బ్రేకు వైరు కొంచెం సాగింది, మీట దగ్గరి చిన్న గుండ్రటి మరను తిప్పి బిగించాం.

ఇప్పుడు కొత్త సమస్య. ఆదివారాలు మా ఆవిడ ఆ సైకిల్ మీద కూరగాయలకు వెళ్తానంటోంది. ఈ సంగతి మొదలైనప్పుడు టెన్షన్ పడ్డది ఈవిడే. సీటు దింపమంటోంది, వాడేమో ముట్టుకోనివ్వడం లేదు.

---

పంచర్‌పెట్టె · జూన్ 29, ఉదయం 10:40

నాన్న పోయి ఆరేళ్ళయింది అన్నా. ఉంటే చాలా సంతోషపడేవాడు.

సీటు దింపే ముందు రాడ్డు మీద బాబు ఎత్తు దగ్గర పెన్నుతో గీత పెట్టండి. వదినమ్మది ఇంకో గీత. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి, అదే కొలత. మార్చిన ప్రతిసారీ సీటును రెండు చేతులతో పట్టి మెలిపెట్టి చూడండి. చీర కట్టుకుని వెళ్తారా? అయితే వెనక చక్రానికి జాలీ పెట్టించాలి, డిస్క్ ఉన్న వైపు ఎలా కుదురుతుందో ఫోటో పెట్టండి, చూస్తాను.